ఏడో గుంత హాలు ఎవరిది

41వ రోజు

ఈ పుస్తకం ముందు పేజీలు పన్నెండు జట్ల కబడ్డీ ఆటలు నడిపే సమితివి. వాటిలో అంకెలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. గోదాలో ఆక్సిజన్ ఎంత శాతం, తేమ ఎంత, చూసిన వేళ, గాలి మేస్త్రీగా నా సంతకం. వెనక పేజీలు ఎవరూ తిప్పరు. అందుకని నా మాటలు ఇక్కడ రాసుకుంటున్నాను.

పొద్దున్నే గాలి జల్లెడలు విప్పి కడిగాను. ఎన్ని తలుపులు పెట్టినా ఆ నల్ల దుమ్ము జనం బూట్లకు అంటుకుని లోపలికి వస్తూనే ఉంటుంది. దానిది మందుగుండు వాసన అనేది మా అమ్మ. ఆమె భూమి మీద పుట్టింది కాబట్టి ఆమెకు తెలుసు. నేను పుట్టింది ఇక్కడే, చంద్రుడి దక్షిణ కొసన, ఈ ఏడో గుంతలో. నలభై నాలుగేళ్లొచ్చాయి. మందుగుండు ఎలా ఉంటుందో నాకు తెలీదు.

జల్లెడలు ఆరబెడుతుంటే సూరపనాయుడు గారు వచ్చారు, చేతిలో జావ గ్లాసుతో. ఈ హాలూ, ఏడో గుంత కబడ్డీ జట్టూ ఆయనవే. గని వాళ్లు మంచు తవ్వుకుని వదిలేసిన గొయ్యిని ఇరవై ఆరేళ్ల కిందట నలభై మందితో కలిసి ఆయనే హాలుగా మలిచారు. ఆ నలభై మందిలో మా నాన్న ఒకరు. నాయుడు గారు యజమానిలా నిలబడి చూడలేదట, అందరితో పాటు రాళ్లు మోశారట. ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. అవి ఈ గోడల్లోనే ఎక్కడో ఉన్నాయని నవ్వుతూ చెబుతారు.

ఇవాళ నవ్వలేదు. "నాలుగు ఆటలు వరసగా పోయాయి గౌరమ్మా" అన్నారు. "మనోళ్లు పడుకునే గదిలో ఆక్సిజన్ పదహారు శాతానికి తగ్గించు. నెల రోజులు పల్చటి గాలిలో పడుకుంటే ఊపిరి గట్టిపడతాది."

అది తప్పు కాదు. ఏ జట్టు ఏ గాలిలో పడుకోవాలో వాళ్లిష్టం. గోదాలో మాత్రం ఆట రోజున ఇరవై ఒకటి ఉండాలి, రెండు జట్లకూ ఒకటే గాలి. పడక గదిలో తగ్గించాను.

58వ రోజు

మనవాళ్లు గట్టిపడ్డారు. నిన్నటి సాధనలో ఒకడు నలభై సెకన్లు కూత ఆపలేదు. ఇక్కడి తక్కువ బరువుకు ఎగిరిపోకుండా నడుముకు సీసం పట్టీ బిగించుకుని, గీత దాటి, నలుగురిని తాకి వచ్చాడు. అయినా నాయుడు గారి ముఖంలో వెలుగు లేదు. వచ్చే ఆట నాలుగో గుంత వాళ్లతో. వాళ్లలో కింతలి వైదేహి ఉంది. ఆ పిల్ల కూతకు వస్తే యాభై సెకన్లు. పన్నెండు జట్లలో అంత ఊపిరి ఇంకెవరికీ లేదు.

66వ రోజు

ఇది రాయాలో వద్దో తెలీడం లేదు.

నాయుడు గారు గాలి గదికి వచ్చి తలుపు వేశారు. ఆ తలుపు వేయడం నేను ఎప్పుడూ చూడలేదు.

"రేపు గోదాలో పదహారు పెట్టు."

"బాబూ, అది కుదరదు."

"మనోళ్లకి అలవాటే. ఆళ్లకి కాస్త ఆయాసమొస్తాది, అంతే. ఎవరికీ ఏటీ అవదు. కొండెక్కితే వచ్చేపాటి ఆయాసం."

"మీరు కొండెక్కారా ఎప్పుడైనా?"

ఆయనా ఇక్కడ పుట్టినవారే. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఈసారి కూడా అడుగున నిలిస్తే జట్టును రెండో వరసకు నెడతారని, అప్పుడు హాలుకు జనం రారని, జనం రాని హాలుకు కాలనీ గాలి కేటాయించదని చెప్పారు. అదంతా నాకు తెలిసిందే. "మీ నాన్న మోసిన రాళ్లమ్మా ఇవి" అన్నారు చివరికి. ఆ మాట అనకుండా ఉంటే నేను ఒప్పుకునేదాన్ని కానేమో.

"పుస్తకంలో ఏం రాయమంటారు?" అని అడిగాను.

"ఏటీ రాయకు. ఖాళీగా ఒదిలెయ్. అడిగితే నేను చెప్పుకుంటాను."

67వ రోజు

జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను.

ఆట మొదలవడానికి గంట ముందు గోదాకి ఆక్సిజన్ వదిలే కవాటం తగ్గించాను. గోదా మనిషిన్నర లోతు ఉంటుంది, దాని గాలి గొట్టాలు వేరు. పైన కూర్చున్న జనానికి తేడా తెలియదు. పదహారు దగ్గర ఆపాను. కానీ నేను లెక్క వేసింది ఖాళీ గోదాకి. పద్నాలుగు మంది అందులో దిగి రొప్పుతూ ఉంటే ఏమవుతుందో ఆలోచించలేదు. రెండో సగానికి మీటరు పద్నాలుగు చూపించింది. పెంచాలని చెయ్యి వేశాను. మనవాళ్లు మూడు పాయింట్లు ముందున్నారు. చెయ్యి తీసేశాను.

మీటరు అంకె గాలి గదిలో తప్ప ఎవరికీ కనపడదు. పుస్తకం తెరిచి ఉంది. ఆ రోజు గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడి చూస్తే సమితి వాళ్లు మొదట అడిగేది నన్నే. లైసెన్సు పోతే పని పోతుంది, పని లేని మనిషికి ఇక్కడ గాలి ఇవ్వరు, భూమికి పంపేస్తారు. ఇక్కడ పుట్టినవాళ్ల ఎముకలు అక్కడి బరువుకు ఆగవు. వెళ్లినవాళ్లు మంచం మీదే ఉంటారు, ఎంతకాలం ఉంటే అంతకాలం. ఇవన్నీ ఆలోచించడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. కలం తీసి ఇరవై ఒకటి అని రాసి సంతకం పెట్టాను. నాయుడు గారు గదిలో లేరు. ఎవరూ చెప్పలేదు. నేనే రాశాను.

అప్పుడు వైదేహి కూతకు వచ్చింది. నలభై దాటింది. నలభై ఐదు. కూత తెగింది. గీత వైపు తిరిగి, ఎవరో పిలిచినట్టు పక్కకు చూసి, నిలబడ్డ చోటే కూలింది. ఇక్కడ మనుషులు మెల్లగా పడతారు. కానీ నడుముకు సీసం బరువు ఉంటే తలకు తగిలే దెబ్బ చిన్నది కాదు.

నేను ముందు కవాటం తిప్పాను. తర్వాత గంట కొట్టాను.

డాక్టరు పరుగున గాలి గదికి వచ్చింది. "గోదాలో గాలి ఎంత?" అంది. నేను పుస్తకం చూపించాను. ఆమె ఇరవై ఒకటి చూసి, గాలి తప్పు కాదు, ఇంకేదో అనుకుంటూ వెనక్కి పరుగెత్తింది.

72వ రోజు

వైదేహి బతికింది. కుడి చెయ్యి, కుడి కాలు సరిగ్గా పనిచేయవంటున్నారు.

సమితి వాళ్లు వచ్చి పుస్తకంలో ఆట రోజు పేజీకి ఫొటో తీసుకుని పుస్తకం నాకే ఇచ్చేశారు, తర్వాత కవాటం లోపలి గుర్తులు చదివారు. ఎప్పుడు తిరిగిందో, ఎంత తిరిగిందో అందులో ఉంటుందని నాకు తెలుసు, అయినా ఆ రోజు గుర్తు రాలేదు. తిప్పింది ఎవరని అడిగారు. నేను నోరు తెరిచేలోగా నాయుడు గారు ముందుకు వచ్చారు.

"నేను తిప్పాను. గాలి మేస్త్రీకి తెల్దు."

"పుస్తకంలో అంకె?"

"నేనే రాయించాను. పక్కన నిలబడి, మీటరు చూడనివ్వకుండా."

నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

75వ రోజు

హాలు మూతబడింది, ఆటలు లేవు. అయినా జల్లెడలు కడిగాను. నాయుడు గారిని మెట్ల దగ్గర పట్టుకుని అడిగాను, ఎందుకలా చెప్పారని.

"ఐదు రోజులు ఆ పిల్ల లేస్తాదో లేదో అని ఆస్పత్రి గుమ్మంలో కూర్చున్నాను గౌరమ్మా. అక్కడ కూర్చుంటే ఏటి చెప్పాలో తెలిసిపోయింది."

"కానీ అంకె మీరు రాయించలేదు."

"నువ్వు వద్దన్నావ్. నేను తిప్పించాను. నీ చేతిలో ఆ కలం పెట్టింది ఆ భయమే కదా. ఆ భయం ఎవరు పెట్టేరు?"

పెద్ద శిక్ష ఏమీ ఉండదని, రెండేళ్లు హాలు గుమ్మం తొక్కొద్దంటారని, అంతే అవుతుందని చెప్పారు. నేనూ అదే అనుకున్నాను. అనుకోవడం తేలికగా ఉంది.

90వ రోజు

ఇవాళ సమితి కూర్చుంది. సాక్షుల బల్ల మీద నన్నూ కూర్చోబెట్టారు.

సమితి అధ్యక్షురాలు తిరువీధుల కాత్యాయని గారు. సన్నగా, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. ముప్పై ఒకటో నిబంధన చదివారు. యజమాని తప్పు చేస్తే సమితి ఆయన్ని రెండేళ్ల వరకు దూరం పెట్టొచ్చు. కానీ జట్టునూ హాలునూ ఆయన చేతుల్లోంచి తీసేసి అమ్మాలంటే ఒక్కటే దారి. యజమాని తెలిసి తెలిసి సమితికి తప్పుడు అంకె ఇచ్చి ఉండాలి, మిగతా యజమానుల్లో తొమ్మిది మంది ఒప్పుకోవాలి.

అప్పుడు నాకు అర్థమైంది నేను రాసిన ఆ అంకె ఆయన హాలును ఏం చేయబోతోందో.

నాయుడు గారు లేచారు. "నన్ను దూరం పెట్టండి. రెండేళ్లు కాదు, చచ్చేదాకా పెట్టండి. ఆ పిల్ల ముందు నిలబడే ముఖం నాకు లేదు. కానీ ఆ హాలు నేను తవ్వేను. మీ నిబంధనలు పుట్టకముందే ఆ గోడలున్నాయి. ఆటలో తప్పుకి ఆటలో శిక్ష వెయ్యండి. ఇంటిని ఎలగ లాక్కుంటారు?"

కాత్యాయని గారు ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగారు. "నాయుడు గారూ, జట్టు అంటే మీ ఇంట్లో వస్తువు కాదు. మిగతా పదకొండు జట్లు మీతో ఆడకపోతే మీ జట్టు ఏడుగురు మనుషులు, మీ హాలు ఒక గొయ్యి. మీరు సంపాదించుకున్నది మా అందరి మధ్య ఒక చోటు. ఆ చోటుకు కొన్ని షరతులున్నాయి. చేరిన రోజు మీరు సంతకం పెట్టారు."

"పెట్టేను. ఆడతానని పెట్టేను. హాలు ఇచ్చేస్తానని కాదు."

రెండో గుంత జట్టు యజమానురాలు బొంతు జానకమ్మ గారు ఒక్కరే ఆయన వైపు మాట్లాడారు. ముసలావిడ, నాయుడు గారంటే ఆమెకు మొదటినుంచీ పడదు. "ఇతన్ని నేను ఎన్నడూ మంచివాడని అనలేదు. ఇవాళా అనను" అన్నారు. "కానీ ఒకరి కష్టార్జితం తీసి ఇంకొకరికి ఇచ్చే చెయ్యి మనకు ఎక్కడ మొలిచింది? ఇవాళ గాలి తగ్గించినందుకు తీసుకుంటాం. రేపు మన మాట వినలేదని తీసుకుంటాం."

చాలామంది తలలు దించుకున్నారు. ఓటు ఆమె వైపు తిరుగుతుందనే అనిపించింది. అప్పుడు వైదేహిని చక్రాల కుర్చీలో తెచ్చారు.

వైదేహికి ఇరవై ఏడేళ్లు. మాట మెల్లగా వస్తోంది, కానీ తడబడలేదు. "ఇందాకటి నుంచి అందరూ ఏది ఎవరి ఆస్తి అని మాట్లాడుకుంటున్నారు. నా ఊపిరి ఎవరిదని ఎవరూ అడగలేదు" అంది. "గాలి తగ్గించారు. దానికి నేను పడిపోయాను. అంతవరకైతే లేచేదాన్నే. డాక్టరమ్మ గాలి ఎంత అని అడిగితే పుస్తకంలో ఇరవై ఒకటి ఉంది. అరగంట నా గుండెలో జబ్బు వెతికారు. నిజం అంకె ఉండుంటే వెంటనే ఆక్సిజన్ ముసుగు పెట్టేవారు, ఈ చెయ్యి ఇలా ఉండేది కాదని ఆవిడే చెప్పారు. గాలి తగ్గించినవాళ్ల మీద నాకు కోపం ఉంది. ఆ అంకె రాయించినవాళ్ల మీద ఉన్నది కోపం కాదు. దానికి మాట తెలీదు నాకు."

ఆమె నాయుడు గారి వైపు చూస్తూ చెప్పింది. ఆయన తల ఎత్తి, చూపు తిప్పుకోకుండా ఆమెనే చూశారు. నేను ఆయనకు మూడు అడుగుల దూరంలో ఉన్నాను. లేవొచ్చు. అది నేను రాశానని చెప్పడానికి రెండు మాటలు చాలు. నేను లేవలేదు.

పదిమంది ఒప్పుకున్నారు. జానకమ్మ గారు ఒక్కరే కాదన్నారు.

97వ రోజు

నాయుడు గారు కాలనీ న్యాయాధికారి దగ్గర వ్యాజ్యం వేశారు. ఆయన వకీలు నా గదికి వచ్చింది. చురుకైన అమ్మాయి.

"అంకె నిజంగా ఆయనే రాయించారా? ఆయన చెప్పే తీరు చూస్తే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. అది ఆయన రాయించింది కాకపోతే ముప్పై ఒకటో నిబంధన వర్తించదు. హాలు ఆయనకే ఉంటుంది. మీరు ఒక్క మాట చెప్పాలి."

ఆలోచించుకుని చెబుతానన్నాను.

సాయంత్రం నాయుడు గారు వచ్చారు. ఈసారి తలుపు వేయలేదు.

"ఆ అమ్మాయికి ఏటి చెప్పేవ్?"

"ఏమీ చెప్పలేదు. చెప్పాలనుంది."

"చెప్పకు. చెప్తే నిన్ను కిందకి పంపేస్తారు. రాళ్లు ఎవరి పేరున ఉన్నా రాళ్లే. నువ్వు అక్కడ ఏడాది బతకవు."

"హాలు లేకుండా మీరు బతుకుతారా?"

"చూద్దాం" అన్నారు.

ఆయన అలా అంటారని నాకు ముందే తెలుసు. తెలిసే అడిగాను. ఆయన నోటి నుంచి వద్దని వినిపించుకుంటే నా భారం దిగుతుందని అడిగాను. దిగలేదు.

121వ రోజు

న్యాయాధికారి చిన్న గదిలో విన్నారు. వకీలు చక్కగా వాదించింది. హాలు గోడలు, గాలి గొట్టాలు, తలుపులు ఆయన సొంతమని, సమితిలో సభ్యత్వం వేరు, ఆస్తి వేరని చెప్పింది. సమితి వకీలు ఒక్క కాగితం పెట్టాడు. అందులో నాయుడు గారి సంతకం ఉంది, ముప్పై ఒకటో నిబంధనకు నేను ఒప్పుకుంటున్నాను అని. ఇక మిగిలింది అంకె సంగతే అన్నారు న్యాయాధికారి.

నన్ను పిలిచారు.

"చింతాడ గౌరమ్మా, అరవై ఏడో రోజున పుస్తకంలో ఇరవై ఒకటి అని రాసింది మీ చెయ్యే. అవునా?"

"అవునండీ."

"యజమాని పక్కన నిలబడి రాయించారా?"

గదిలో గాలి మర ఒక్కటే వినబడుతోంది. దాని చప్పుడు బట్టి దాని జల్లెడ మార్చి చాలా రోజులైందని నాకు తెలిసింది. ఆ సమయంలో నా బుర్ర అటు పోయింది. అటు పోనిచ్చాను.

"అవునండీ" అన్నాను.

వకీలు అమ్మాయి కాగితాలు సర్దుకుంది. నాయుడు గారు కళ్లు మూసుకుని తల ఊపారు, మంచి పని చేశావన్నట్టు. ఇన్నాళ్లలో నన్ను అంత హింస పెట్టింది ఇంకేదీ లేదు.

140వ రోజు

వ్యాజ్యం ఓడిపోయాక హాలునూ జట్టునూ మూడో గుంత వాళ్లు కొనుక్కున్నారు. ఓటు వేసిన పదిమందిలో వాళ్లూ ఉన్నారు. వచ్చిన సొమ్ము నాయుడు గారికే ఇచ్చారు, అందులో అన్యాయం ఏమీ జరగలేదు. ఆయన దాన్ని మొత్తం వైదేహి వైద్యానికని ఆస్పత్రి పేరున రాసేశారని విన్నాను.

ఆటగాళ్లు ఇవాళ పెట్టెలు సర్దుకుని మూడో గుంతకు బండెక్కారు. నలభై సెకన్లు కూత పెట్టినవాడు గోదాలోకి దిగి గీతకు దండం పెట్టి వచ్చాడు. ఏడో గుంత జనం బండి దాకా వెళ్లారు. ఎవరూ అరవలేదు, ఎవరినీ తిట్టలేదు. పెళ్లి తర్వాత పిల్లను పంపినట్టు నిలబడ్డారు. తర్వాత ఎవరి పనికి వాళ్లు పోయారు. సాయంత్రాలు ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరికీ తెలియడం లేదు. అంగడి ముందు నిలబడి ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు.

నాయుడు గారు గనిలో తవ్విన మంచు కడిగే చోట పనికి చేరారట. మూడు వేళ్ల చేత్తో.

163వ రోజు

కొత్త యజమానుల నుంచి ఆదేశం వచ్చింది. రెండు హాళ్లు అక్కర్లేదు, ఇక్కడి గాలి వాళ్ల హాలుకు కావాలి. ఏడో గుంత హాలును ఖాళీ చేసి తలుపులు ముద్ర వేయాలి.

ఆ పని చేయాల్సింది గాలి మేస్త్రీ.

పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టాను. హాలు మొత్తం గాలి తోడడానికి ఆరు గంటలు పట్టింది. గాజు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. గాలి పోతుంటే ఏమీ కనపడదు. బల్లలు అలాగే ఉన్నాయి, గోదా అలాగే ఉంది. చప్పుడే తగ్గుతూ వచ్చింది. మొదట పంకాల చప్పుడు సన్నబడింది, తర్వాత అసలు లేదు. అవి తిరగడం మాత్రం కనపడుతూనే ఉంది.

నాయుడు గారు వస్తారేమోనని భయపడ్డాను. రాలేదు. రానందుకు ఇంకా బాధ అనిపించింది.

నేను ఆ రోజు నిజం చెప్పి ఉంటే ఈ హాలు ఉండేది. ఈ మాట నాలో నేను వందసార్లు అనుకున్నాను. రాయడం ఇదే మొదటిసారి.

170వ రోజు

హాలు పోయాక నన్ను గుంతలోని ఇళ్ల గాలి పనికి మార్చారు. ఇవాళ సమితికి ఉత్తరం రాశాను. అంకె నేనే రాశాను, యజమానికి తెలియదు, ఆయన ఖాళీగా వదలమన్నారు, సాక్ష్యంలో అబద్ధం చెప్పాను, ఏ శిక్ష వేసినా ఒప్పుకుంటాను అని. మూడుసార్లు చదివి పంపాను. సంచిలో రెండు చీరలు, అమ్మ ఫొటో సర్దుకుని పెట్టుకున్నాను, పంపేస్తే వెళ్లడానికి.

188వ రోజు

జవాబు ఎవరితోనో పంపుతారనుకున్నాను. కాత్యాయని గారే స్వయంగా వచ్చారు. నా గదిలో ఉన్న ఒక్క కుర్చీ ఆమెకు వేసి నేను మంచం మీద కూర్చున్నాను.

"మీ ఉత్తరం నేను ఒక్కదాన్నే చదివాను" అన్నారు.

"పదకొండు మందికీ చదివి వినిపించండమ్మా."

"వినిపిస్తే ఏమవుతుంది? హాలు కొన్నవాళ్లు నిజాయితీగా కొన్నారు, వాళ్ల దగ్గర నుంచి వెనక్కి తీసుకునే అధికారం నాకు లేదు. గాలి కూడా తోడేశారు. ఆటగాళ్లు అక్కడ ఇళ్లు తీసుకున్నారు. ఇక సమితి. ఒక మనిషి ఆస్తిని పొరపాటున తీసేశామని తేలితే రేపటి నుంచి ఏ యజమానీ మా మాట వినడు. గోదాల్లో మళ్లీ ఎవరికి ఇష్టమైన గాలి వాళ్లు పెట్టుకుంటారు. అప్పుడు పడిపోయే పిల్లలకు మీరు జవాబు చెబుతారా, నేను చెప్పాలా?"

"అయితే నాకు శిక్ష?"

"శిక్ష వేయాలంటే కారణం రాయాలి." లేచి నిలబడ్డారు. అప్పుడు ఆమె గొంతు మొదటిసారి తగ్గింది. "ఆ రోజు మీరు ఈ మాట చెప్పి ఉంటే నేను ఓటుకు పెట్టేదాన్నే కాదు గౌరమ్మ గారూ. నాకు ఆయన హాలు అక్కర్లేదు. నాకు కావాల్సింది నమ్మదగిన పుస్తకం ఒక్కటే."

తలుపు దగ్గర ఆగి, "పని చేసుకోండి" అని వెళ్లిపోయారు.

సంచి విప్పి చీరలు మళ్లీ అరలో పెట్టాను.

190వ రోజు

నాలుగో గుంతకు బండెక్కి వెళ్లాను. వైదేహి ఇప్పుడు నారుమళ్ల దగ్గర పని చేస్తోంది. దీపాల కింద గోంగూర, పచ్చిమిరప మొలకలు వరసగా ఉన్నాయి. ఎడమ చేత్తో కలుపు తీస్తోంది. నేనెవరో గుర్తుపట్టింది.

"ఏడో గుంత మేస్త్రీ గారు కదా."

నిలబడే చెప్పాను. మొత్తం చెప్పాను. ఆమె కలుపు తీయడం ఆపలేదు, చివరి దాకా.

"అయితే అంకె మీరు రాశారు."

"అవునమ్మా."

"నేను పడగానే మీరు ముందు కవాటం తిప్పారా, గంట కొట్టారా?"

"కవాటం."

"నాకు ఊపిరి ఆడాలనా? మీటరు పుస్తకంతో సరిపోవాలనా?"

"తెలీదమ్మా. నీ కోసమే అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అయినా నిజంగా తెలీదు."

తీసిన కలుపంతా ఒక పక్కకు పోగు చేసింది. తర్వాత ఆమె చెప్పింది, నాయుడు గారు ప్రతి పదో రోజూ వస్తారని. మొదటిసారి తిట్టి పంపేసిందట. రెండోసారి తలుపు తీయలేదట. మూడోసారి ముఖం మీదే అడిగిందట, గాలి తగ్గించావు సరే, ఆ అంకె ఎందుకు రాయించావు, నా చెయ్యి తీసింది అదే కదా అని.

"ఏమన్నారు?" అని అడిగాను.

"'రాయకుండా ఉండాల్సిందమ్మా' అన్నారు. అంతే. అలా అడిగాను, ఒకసారి కాదు, వచ్చిన ప్రతిసారీ. ప్రతిసారీ అదే మాట. మీ పేరు ఒక్కసారీ రాలేదు." కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. "ఇప్పుడు వెళ్లండి. రేపు ఆయన వచ్చే రోజు. మీరూ రండి. ఆయన ఉండగా ఇదే మళ్లీ చెప్పండి."

191వ రోజు

వెళ్లాను. ఆయన మొలకలకు నీళ్లు పోస్తున్నారు. జుట్టు పూర్తిగా నెరిసింది. మంచు నీళ్లకు చేతులు పగిలి ఉన్నాయి. నన్ను చూసి నీళ్ల డబ్బా కింద పెట్టారు.

"ఎందుకొచ్చేవ్ గౌరమ్మా?"

చెప్పాను. వైదేహి వింటుండగా, మొదటినుంచీ. ఆయన మధ్యలో రెండుసార్లు "ఊరుకో" అన్నారు. నేను ఊరుకోలేదు.

అయిపోయాక వైదేహి కుర్చీ తిప్పుకుని ఆయనకు ఎదురుగా వచ్చింది.

"నాయుడు గారూ, గాలి తగ్గించినందుకు మిమ్మల్ని క్షమించలేదు. ఎప్పటికైనా క్షమిస్తానో లేదో తెలీదు. కానీ ఆ అంకె గురించి మిమ్మల్ని అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. అవి మీవి కావు."

ఓటు పడిన రోజు ఏడవలేదు ఆయన. న్యాయాధికారి గదిలో ఏడవలేదు. ఇప్పుడు నారుమళ్ల గట్టు మీద కూర్చుని, ఆ మూడు వేళ్ల చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. వైదేహి ఆయన పక్కనే ఉండిపోయింది.

నా వైపు ఇద్దరిలో ఎవరూ చూడలేదు. వెళ్లమని కూడా అనలేదు. నేను నీళ్ల డబ్బా తీసుకుని, ఆయన వదిలేసిన వరస నుంచి మొలకలకు నీళ్లు పోశాను.